వేలిముద్ర మనది, తప్పు కూడా మనదేనా?

2024 చివరి నుంచి కొన్ని నెలల పాటు ఈ దేశంలో ఎవరికి ఫోన్ చేసినా, అవతలివాళ్లు ఎత్తేలోపు ఒక హెచ్చరిక వినాల్సి వచ్చేది. తెలియని కాల్స్ నమ్మొద్దు, ఓటీపీ చెప్పొద్దు, జాగ్రత్తగా ఉండండి. ఈ మాట కొత్తది కాదు. బ్యాంకు గోడల మీద, మెసేజ్‌లలో, పత్రికా ప్రకటనల్లో ఏళ్ల తరబడి ఇదే వింటున్నాం. మరి ఫలితం? 2023లో సైబర్ మోసాల్లో ప్రజలు పోగొట్టుకున్నది రూ.7,465 కోట్లు. 2024లో రూ.22,845 కోట్లు. ఈ లెక్క 2025 జూలైలో కేంద్ర హోం శాఖ లోక్‌సభకు ఇచ్చినదే. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. మందు వాడేకొద్దీ రోగం ముదురుతుంటే రోగిని తిట్టడం మానేసి మందును అనుమానించాలి.

డబ్బు పోగొట్టుకున్న మనిషి బ్యాంకుకు వెళ్లినా, పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఓటీపీ ఎందుకు చెప్పావు?" దొంగ ఎవరని కాదు, డబ్బు ఏ ఖాతాలోకి పోయిందని కాదు. ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. చదవకుండా ప్రోనోటు మీద వేలిముద్ర ఎందుకు వేశావని వడ్డీ వ్యాపారి మన తాతలను అడిగాడు. ఆ దారిన ఎందుకు నడిచావు, ఆ బావి దగ్గరికి ఎందుకు వెళ్లావని ఊరు అడిగింది. నేరం ఒకరిది, సంజాయిషీ ఇంకొకరిది. కుల సమాజం బాగా వంటబట్టించుకున్న ఈ అలవాటును డిజిటల్ బ్యాంకింగ్ యథాతథంగా తీసుకుంది.

జాగ్రత్త అక్కర్లేదని ఎవరూ అనరు. అది మనం మన కోసం, మన వాళ్ల కోసం తీసుకునేది. కానీ భద్రత బ్యాంకు మనకు బాకీ ఉన్నది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి, బాకీ ఎగ్గొట్టడానికే "జాగ్రత్త" అనే మాటను వాడుకుంటున్నారు. ఈ వ్యాసం గొడవంతా దాని మీదే.

ఓటీపీ అడగని దోపిడీ

2016 డిసెంబర్ 30న ప్రధాని భీమ్ యాప్‌ను ప్రారంభించారు. దానికి బాబాసాహెబ్ పేరు పెట్టామని చెప్పుకున్నారు. ఒకప్పుడు వేలిముద్రగాడు అంటే నిరక్షరాస్యుడని అర్థమనీ, ఇకపై ఆ బొటనవేలే నీ బ్యాంకు, నీ గుర్తింపు అనీ అదే సభలో అన్నారు. వినడానికి బాగుంది. కానీ బొటనవేలు బ్యాంకు అయితే, ఆ బ్యాంకు తాళం ఎవరి చేతిలో ఉంది?

ఆధార్ ఆధారిత చెల్లింపు వ్యవస్థ, అంటే ఏఈపీఎస్, ఎవరి కోసం నడుస్తోందో చూడండి. ఏటీఎం కార్డు లేనివాళ్లు, బ్రాంచి దూరమైనవాళ్లు, ఉపాధి హామీ కూలి, వృద్ధాప్య పింఛను తీసుకునేవాళ్లు. ఊళ్లో చిన్న మెషిన్ పట్టుకుని కూర్చునే బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెడితే డబ్బు వస్తుంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. ఓటీపీ లేదు, పిన్ లేదు. మన దగ్గర లేనిదాన్ని "చెప్పొద్దు" అని ప్రచారం చేస్తే ఏం లాభం?

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకుని, వాటితో రబ్బరు అచ్చులు చేసి, ఆ ముద్రలతో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత దేశంలో చాలా చోట్ల అదే పద్ధతి బ్యాంకు ఖాతాల మీదికి మళ్లింది. అరెకరం కొన్నప్పుడో, ఇంటి స్థలం రాయించుకున్నప్పుడో వేసిన ముద్రను ప్రభుత్వమే అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇందులో ఆ రైతు అజాగ్రత్త ఎక్కడుంది? పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం.

2020లో జార్ఖండ్‌లో బయటపడిన స్కాలర్‌షిప్ కుంభకోణం ఇంకా చేదైనది. మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్పులను దళారులు, కొందరు పాఠశాల సిబ్బంది, బ్యాంకు కరస్పాండెంట్లు కలిసి మింగేశారు. పేద తల్లిదండ్రుల నుంచి ఆధార్, వేలిముద్రలు తీసుకుని, వచ్చిన సొమ్ములో కొంత చేతిలో పెట్టి మిగతాది నొక్కేశారు. అది తమ పిల్లలకు రాజ్యం ఇవ్వాల్సిన డబ్బని కూడా వాళ్లలో కొందరికి తెలియదు. ఎవరో విదేశీ దాత పంపాడని నమ్మించారు. హక్కును దానంగా చూపించి దోచుకోవడం మనువాదానికి కొత్త విద్య కాదు.

ఇక రోజూ జరిగేది చిన్న మోసం. "వేలు పడలేదు, మళ్లీ పెట్టమ్మా" అంటాడు ఆపరేటర్. మొదటిసారి పడింది, డబ్బు అతని ఖాతాలోకి పోయింది. రసీదు ఇవ్వడు. ఆమె పాస్‌బుక్‌లో ఎంట్రీ పడేది నెలల తర్వాత. ఈ ఆపరేటర్లను సరిగా తనిఖీ చేయాలని, వాళ్ల లావాదేవీల మీద నిఘా ఉంచాలని రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా ఆదేశాలు ఇచ్చింది 2025 జూన్‌లో. అమలు తేదీ 2026 జనవరి 1. బొటనవేలే బ్యాంకు అన్న ప్రసంగానికీ దీనికీ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తొమ్మిదేళ్ల ప్రయోగానికి ఎలుకలైంది ఎవరు?

రూ.94,204 కోసం సుప్రీంకోర్టు దాకా

చట్టం అసలు లేదని కాదు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ప్రతి విద్యార్థీ చదవాల్సిన కాగితం అది. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలో తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు మీద ఒక్క రూపాయి భారం పడకూడదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే అప్పుడూ భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చేస్తే బేసిక్ సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా రూ.5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు రూ.10,000. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో పోయిన మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యమైనది: తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకే.

ఈ ఒక్క వాక్యం అమలైతే "ఓటీపీ ఎందుకు చెప్పావు" అనే ప్రశ్నకు కౌంటర్ దగ్గర చోటే ఉండదు. కానీ ఎలా అమలవుతుందో అస్సాం కేసు చూస్తే తెలుస్తుంది. ఒక ఖాతాదారు ఆన్‌లైన్‌లో ఒక బ్రాండ్ దుస్తులు కొని, వాపసు ఇవ్వబోయాడు. ఆ కంపెనీ వెబ్‌సైట్ నుంచి వివరాలు మోసగాళ్ల చేతికి చిక్కాయి. కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ వచ్చింది, ఒక యాప్ వేయించారు, ఖాతా నుంచి రూ.94,204 పోయాయి. ఆయన 24 గంటల్లో స్టేట్ బ్యాంకుకు చెప్పాడు. తప్పు నీదే అంది బ్యాంకు. అక్కడి నుంచి అంబుడ్స్‌మన్, గువాహటి హైకోర్టు సింగిల్ జడ్జి, డివిజన్ బెంచ్, చివరికి సుప్రీంకోర్టు. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు బ్యాంకు అప్పీలును కొట్టేసింది. ఖాతాదారులూ అప్రమత్తంగా ఉండాలని చెబుతూనే, ఇంత సాంకేతికత చేతిలో ఉన్న బ్యాంకే ఇలాంటి లావాదేవీలకు బాధ్యత వహించాలని స్పష్టం చేసింది.

మంచి తీర్పు. కానీ లక్ష రూపాయల లోపు సొమ్ము కోసం దేశంలోనే అతి పెద్ద బ్యాంకు సుప్రీంకోర్టు దాకా ఎందుకు పోయింది? ఒక్కడికి చెల్లిస్తే అందరూ అడుగుతారని. రెండో ప్రశ్న: ఆ మెట్లన్నీ ఎక్కగలిగేది ఎవరు? నిచ్చెనమెట్ల అసమానత గురించి బాబాసాహెబ్ చెప్పింది కులం గురించే. న్యాయం అందే తీరులోనూ అదే నిచ్చెన ఉంది. లాయరు బంధువైనవాడు పై మెట్టు. ఇంగ్లిష్‌లో మెయిల్ రాయగలిగినవాడు మధ్య మెట్టు. పింఛను తీసుకోవడానికి వెళ్లినప్పుడు గానీ ఖాతా ఖాళీ అయిందని తెలియని ముసలమ్మ కింది మెట్టు. మూడు రోజుల గడువు ఎస్సెమ్మెస్ చదవగలిగిన మనిషిని ఊహించుకుని పెట్టింది. ఆమె ఖాతాకు ముడిపడిన నంబరు మనవడిదో, ఎప్పుడో మూగబోయిన సిమ్‌దో. వచ్చినా ఆ మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది.

పైగా సర్క్యులర్‌లోనే ఒక కన్నం ఉంది. ఖాతాదారు తన వివరాలు తానే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. మోసగాడు భయపెట్టి చెప్పించాడా, నమ్మించి చెప్పించాడా అన్నది లెక్కలోకి రాదు. నేటి మోసాల్లో చాలా భాగం ఇలా మనిషి చేతనే మీట నొక్కించేవి. అంటే రక్షణ ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే చట్టం చేతులెత్తేసింది.

అత్యాశ అనే నింద

"ఆశకు పోయి మోసపోయారు" అనేది చదువుకున్నవాళ్ల నోట తరచూ వినిపించే మాట. యూనివర్సిటీల్లో కూడా. హాస్టల్ గదిలో కూర్చున్న విద్యార్థి సంగతి చూద్దాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు తీరవు. కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. స్కాలర్‌షిప్ స్టేటస్ నెలల తరబడి "పెండింగ్". అప్పుడొక మెసేజ్: మీ స్కాలర్‌షిప్ మంజూరైంది, ఈ లింక్‌లో వివరాలు నింపండి, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి. ఆ పిల్లవాడు నొక్కింది ఆశతో కాదు. తనకు రావాల్సినదాని కోసం ఎదురుచూసి, చూసి నొక్కాడు. ఆ ఎదురుచూపును తయారుచేసింది ప్రభుత్వం. మోసగాడు దానికి గాలం తగిలించాడు.

లోన్ యాప్‌ల కథా అంతే. 2020 చివర్లో తెలంగాణలో వరుస ఆత్మహత్యలు జరిగాకే లోకం వాటిని పట్టించుకుంది. కొన్ని వేల అప్పు, వారం గడువు, ఫోన్‌లోని కాంటాక్టులన్నీ వాళ్ల చేతిలో, మార్ఫింగ్ ఫొటోలు బంధువులకు. బ్యాంకు తలుపు మూసుకున్నవాళ్లే ఆ యాప్‌ల తలుపు తట్టారు. ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు 2022 సెప్టెంబర్ 2న వచ్చాయి. చావులకూ నిబంధనకూ మధ్య ఏడాదిన్నరకు పైగా దూరం.

"డిజిటల్ అరెస్టు" అంటూ వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసి బెదిరిస్తే భయపడటం అమాయకత్వమట. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు, నిజమే. కానీ స్టేషన్‌లో కుర్చీ కూడా చూపించని పోలీసును చూసి పెరిగిన మాల, మాదిగ, లంబాడా, ముస్లిం కుటుంబానికి పోలీసు భయం అజ్ఞానం కాదు, అనుభవం. ఆ భయాన్ని దశాబ్దాలుగా పెంచింది రాజ్యం, ఇప్పుడు దాన్ని సొమ్ము చేసుకుంటున్నది దొంగ.

విద్యార్థులను కబళిస్తున్న ఇంకో ఉచ్చు గురించి మనం బయటికి మాట్లాడుకోవాలి. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్లు ఇవ్వు, కమిషన్ ఇస్తాం" అని సీనియరో, టెలిగ్రామ్ గ్రూపో అడుగుతుంది. మెస్ బిల్లుకు సరిపోయే డబ్బు. ఆ ఖాతా గుండా ఎవరి జీవితకాలపు పొదుపో దాటిపోతుంది. కేసు వచ్చినప్పుడు పోలీసులకు సులువుగా దొరికేది ఖాతా పేరున్న మన పిల్లవాడే. అసలు ముఠా సరిహద్దులకు అవతల ఉంటుంది. 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్న ఏజెంట్ల కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన యువకులను కంబోడియాకు తరలించి, అక్కడి కాంపౌండ్లలో బంధించి, వాళ్ల చేతనే మన దేశస్థులకు మోసపు కాల్స్ చేయించారు. మోసపోయేవాడు మనవాడు, మోసం చేయించబడుతున్నవాడూ మనవాడే. లాభం మాత్రం ఇంకెవరికో. ఇది కూడా ఒక శ్రమదోపిడీయే.

తలుపు వేయడం ఎవరి పని?

బ్యాంకులను నష్టపరిహారం ఇవ్వమంటే ఖాతాదారులు నిర్లక్ష్యంగా తయారవుతారని ఆర్థిక శాస్త్ర పాఠ్యపుస్తకం చదివిన ప్రతివాడూ అంటాడు. ఆ వాదనకు రెండు జవాబులు.

మొదటిది మన దేశం నుంచే. యూపీఐలో "కలెక్ట్ రిక్వెస్ట్" అనే సదుపాయం ఉండేది. డబ్బు అడుగుతూ అవతలివాడు అభ్యర్థన పంపుతాడు, మనం పిన్ కొడితే డబ్బు పోతుంది. "మీకు డబ్బు పంపుతున్నా, అందుకోవడానికి పిన్ కొట్టండి" అని చెప్పి ఏళ్ల తరబడి లెక్కలేనంతమందిని ముంచారు. పాత ఫ్రిజ్, సెకండ్‌హ్యాండ్ బైక్ ఆన్‌లైన్‌లో అమ్మజూపినవాళ్లే ఎక్కువగా బలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదని అన్నేళ్లూ పాఠాలు చెప్పారు. చివరికి 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే ఎన్‌పీసీఐ ఆపేసింది. ఒక్క సర్క్యులర్, తలుపు మూసుకుంది. ఇంత సులువైన పని ముందే చేసి ఉంటే? అంతకుముందు మునిగినవాళ్లందరినీ తెలివితక్కువవాళ్లని ఎందుకన్నాం? తప్పు మనిషి బుర్రలో కాక తలుపులో ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టే కదా.

రెండోది బ్రిటన్ నుంచి. అక్కడ 2024 అక్టోబర్ 7 నుంచి, మోసగాడి మాట నమ్మి ఖాతాదారు తన చేత్తో డబ్బు పంపినా, 85,000 పౌండ్ల దాకా బ్యాంకులు తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం మోయాలి. ఖాతాదారుది ఘోరమైన నిర్లక్ష్యమైతే నిరాకరించవచ్చు. కానీ బలహీన స్థితిలో ఉన్న ఖాతాదారుకు ఆ మినహాయింపు వర్తించదు. అసలు కీలకం అందుకున్న బ్యాంకు సగం మోయడంలో ఉంది. దొంగకు ఖాతా తెరిచిచ్చిన బ్యాంకు జేబుకు చిల్లు పడితే తప్ప అద్దె ఖాతాల వేట మొదలు కాదు. మన దగ్గర అద్దెకిచ్చిన పిల్లవాడు జైలుకు, తెరిచిచ్చిన బ్యాంకు లాభాల ప్రకటనకు.

1923లో "ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ" రాసిన బాబాసాహెబ్, ఆ తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చారు. కరెన్సీని కేవలం సాంకేతిక విషయంగా ఆయన చూడలేదు. రూపాయి విలువ మారితే ఆ భారం ఎవరి మీద పడుతుంది, కూలి మీద బతికేవాడి గతేమిటని అడిగారు. ఆయన పేరు పెట్టుకున్న యాప్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా అదే. ఈ వ్యవస్థలో పొరపాటు జరిగితే ఆ నష్టం ఎవరి ఇంట్లో దిగుతుంది?

క్యాంపస్‌లో మనం చేయాల్సింది

మోసం జరిగిన రోజున సిద్ధాంతం కంటే ముందు పని చేయాలి. ఇంట్లో, హాస్టల్‌లో, పేటలో ఈ ఆరు మాటలు అందరికీ తెలియాలి.

1. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మొదటి గంట విలువైనది. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పరుగెడుతుంటుంది, ఆలోగా ఆపగలిగితేనే దక్కుతుంది.

2. అదే రోజు బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఫిర్యాదు నంబరు, తేదీ, సమయం తీసుకోవాలి. ఖాతాదారు బాధ్యత గురించి రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలను ఫిర్యాదులో పేర్కొనాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తి ఇవ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

3. అమ్మానాన్నల ఆధార్ బయోమెట్రిక్‌ను ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో లాక్ చేయాలి. పింఛను, కూలి తీసుకునే రోజు తాత్కాలికంగా తెరవచ్చు. వేలు రెండోసారి పెట్టమంటే మొదటిదానికి రసీదు అడగాలి.

4. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో, యాప్‌లోనో ఉన్న నంబరే వాడాలి. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"తో ముగిసే చిరునామాలకు మారాయి, అది చూసుకోవాలి. ఫోన్‌లో చెప్పినవారి మాట విని ఏ యాప్ కూడా వేసుకోవద్దు.

5. స్కాలర్‌షిప్‌కు ముందస్తు ఫీజు అడిగారంటే మోసమే.

6. ఖాతా, సిమ్ ఎవరికీ అద్దెకు ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చినవాళ్లు భయపడి దాచకుండా, మంచి లాయరు సలహాతో వెంటనే బ్యాంకుకు చెప్పి ఆ ఖాతాను ఆపించాలి.

ఇది ఒంటరిగా చేసే పని కాదు. ప్రతి యూనివర్సిటీలోని అంబేద్కరైట్ విద్యార్థి సంఘం వారానికి ఒకరోజు సహాయ కేంద్రం నడపగలదు. ఫిర్యాదులు రాసిపెట్టడం, గడువులు గుర్తుచేయడం, బ్యాంకు జవాబులను దాచిపెట్టడం. న్యాయశాస్త్ర విద్యార్థులు అంబుడ్స్‌మన్ అర్జీలు రాయగలరు. ఆర్థిక, సామాజిక శాస్త్రాల పరిశోధకులు ఇంకో పని చేయాలి: మోసపోయినవాళ్లలో డబ్బు వెనక్కి వచ్చింది ఎవరికి, రానిది ఎవరికి, ఏ కులానికి, ఏ ఖాతా రకానికి? సమాచార హక్కు కింద అడగండి, పేటల్లో తిరిగి లెక్క తీయండి. లెక్క లేనిచోట అన్యాయం కనిపించదు.

మన డిమాండ్లు సూటిగా ఉండాలి. నమ్మించి, భయపెట్టి చేయించిన చెల్లింపులకూ పరిహారం ఇవ్వాలి, అందుకున్న బ్యాంకు అందులో సగం మోయాలి. అడగనిదే ఏ ఖాతాకూ ఏఈపీఎస్ తెరవకూడదు, విత్‌డ్రా అయిన ప్రతిసారీ రసీదు, మాతృభాషలో మెసేజ్ తప్పనిసరి చేయాలి. బేసిక్ ఖాతాదారులకు మూడు రోజుల గడువును నష్టం తెలిసిన రోజు నుంచి లెక్కించాలి. స్కాలర్‌షిప్ బకాయిలు వెంటనే తీర్చాలి, ఎందుకంటే సకాలంలో అందిన స్కాలర్‌షిప్ కంటే మంచి సైబర్ భద్రత విద్యార్థికి ఇంకోటి లేదు.

ఇకపై ఎవరైనా "ఓటీపీ ఎందుకు చెప్పావు" అని అడిగితే, తల దించుకోకుండా తిరిగి అడుగుదాం: ఆ డబ్బు ఏ ఖాతాలోకి పోయింది, ఆ ఖాతా తెరిచింది ఏ బ్యాంకు, నా తప్పని మీ దగ్గరున్న రుజువు ఏది?

జై భీమ్.